ఐసు లేని వేట

రేపటి నుంచి ఉత్తర కోస్తాలో రాత్రి చలి ఒక్కసారిగా పెరుగుతుందని, ఉష్ణోగ్రత మామూలు కంటే ఆరు డిగ్రీల దాకా తగ్గొచ్చని సాయంత్రం రేడియోలో చెప్పారు. అది విని ఫిషింగ్ హార్బరు టీ బడ్డీ దగ్గర, బోటు నడిపే సరంగు సత్యం, ఈసారి వేటకి కుర్రాళ్లనే తీసుకెళ్తానన్నాడు. ఆ మాట పక్కనే టీ తాగుతున్న ముసలి జగ్గయ్యకి గుచ్చుకుంది. వానలు వెళ్లిన దగ్గర్నుంచి అతన్ని బోటెక్కమన్నవాడు లేడు. ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకునే బతుకంటే అతనికి మహా ఏడుపు. అలాగని బతిమాలే రకం కాదు. నోరున్నవాడిదే రాజ్యమని నమ్మినవాడు.

"సలి గురించి నాకు సెప్తావేటి అల్లుడా? తొంభై రెండులో, దీపావళి ఎల్లిన వారం, ఇలాగే సలి దిగిపోనాది. నాను గాలి వాసన సూసి, ఈ ట్రిప్పుకి ఐసు దండగ బాబూ అని ఓనరుతో అన్నాను. ఐసు లేకుండానే ఎల్లిపోనాం."

చేపలు పాడవ్వవా అని ఎవడో అడిగాడు.

"ఆగరా. భీమిలి దాటేసరికి సముద్రం గెడ్డపెరుగునాగ బిగిసిపోనాది. వలేత్తే మునగదు. సరేలెమ్మని నాను కిందకి దిగి, నీళ్ల మీద నడుసుకుంటా ఎల్లి, ఎక్కడి సేపనక్కడే వంకాయల్నాగ కోసి గంపలకెత్తినాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? పొద్దున్నే సూరీడొచ్చినాడు, పాపం ఆడికీ వణుకే. నా బీడీ సెగ కాసింత సూపిత్తే అప్పుడెక్కినాడు పైకి. నాకు ఒంటి మీద బనీను కూడా లేదు."

కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. సత్యం మాత్రం శ్రద్ధగా వింటున్నాడు. జగ్గయ్యకి ఆశ పుట్టి ఇంకో మెట్టెక్కాడు. ఆ చేపల చల్లదనం చూసి ఐసు ఫ్యాక్టరీ వాళ్లే వచ్చారని, మిషన్లో పెట్టుకోడానికి రెండు చేపలు బదులడిగి పట్టుకెళ్లారని చెప్పాడు.

బడ్డీ పక్కన ఎండుచేపల గంప దించుకుని టీ తాగుతున్న దేముడమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఆ సేపలు నాకు తెల్సు అన్నయ్యా. బోటు జెట్టీకి రాకముందే కంపొచ్చీసింది. మనుసులకి పనికిరాక, ఎండబెట్టి కోళ్ల మేతకి అమ్మింది నానే."

బడ్డీ అంతా గొల్లుమంది. జగ్గయ్య తలొంచుకుని బీడీ వెలిగించుకున్నాడు. అతను అడగాల్సింది నన్నూ తీసుకెళ్లరా అన్న ఒక్క మాట. ఆ మాట అడగలేకే ఇంతసేపూ సముద్రాన్ని పెరుగు చేశాడు.

సత్యం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"తెల్లారగట్ల వచ్చీ మామా. బోటు మీద రాత్రి కాపలాకి కూకున్నోళ్లు నిద్రోతన్నారు, నువ్వు పక్కనుంటే ఎవడికీ కునుకు పట్టదు. ఐసు మాత్రం నిండా ఎక్కిత్తాను."