పిడుగమ్మ చేతివేళ్లు

వంటింట్లో వదినా మరదళ్లు బఠానీలు ఒలుస్తున్నారు. వదిన గీసే అల్లరిపిల్ల పిడుగమ్మ బొమ్మల కథలకు వేలమంది అభిమానులు.

"ఏఐతో చేసిన పిడుగమ్మ బొమ్మలు పంపొద్దని నీ పేజీలో గట్టిగానే రాశావుగా వదినా, మళ్లీ ఈ దిగులేంటి?"

"ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. నా మాటే వినని పిల్లని మిషన్ చేతికి ఇస్తానా? కానీ మొన్న ఒకమ్మాయి పంపిన బొమ్మలో పిడుగమ్మ చేతికి ఆరు వేళ్లున్నాయి. ఏఐ చేసే తప్పే కదా అది! 'ముందు మీ ఏఐని ఐదు దాకా ఒంట్లు నేర్చుకోమనండి' అని అందరి ముందూ వెక్కిరించి తీసేశాను."

"భలే పట్టుకున్నావే!"

"నా మొహం పట్టుకున్నాను. చేత్తోనే గీసిందని వాళ్లమ్మ రాసింది. ఆరు వేళ్లు ఆ పిల్లవేనట. పిడుగమ్మ కూడా తనలాగే ఉండాలని గీసుకుంది."

"అయ్యయ్యో! క్షమించమని అడక్కపోయావా?"

"అడిగాను, అందరూ చూసేలాగే. ఫర్వాలేదండీ అంటూ ఆ పిల్ల ఇంకో బొమ్మ పంపింది."

"మరింకేం! అదెలా ఉంది?"

"చాలా బాగా గీసింది. పిడుగమ్మ రెండు చేతులూ వీపు వెనక దాచుకుని నిలబడింది."