ఎలుకల ఫొటో యంత్రానికి రాసిన నూనె గురించి

నా పేరు బోనెల ప్రేమానందం. వయసు అరవై ఒకటి. తండ్రి గవరయ్య, కళింగపట్నం నుంచి ఇక్కడి ఓడరేవు డాకులో పనికి వచ్చినవాడు. నేను గార్డెన్ రీచ్‌లో క్రేను నడిపి రిటైరయ్యాను. నివాసం కలకత్తాలో వాట్‌గంజ్. ఆదివారాలు మా తెలుగు ప్రార్థన గదిలో వాక్యం చెబుతాను. పాస్టరు పట్టా లేదు, జీతం లేదు.

విచారణ చేస్తున్న మేజోబాబు గారు, అంటే ఈ ఠాణా రెండో అధికారి, నేను చెప్పినదంతా బెంగాలీలో మూడు ముక్కలు చేసి సంతకం పెట్టమన్నారు. అందులో మత తగాదా అని ఉంది. అది తగాదా కాదు. అందుకే నా చేత్తో తెలుగులో రాసి ఇస్తున్నాను. అనువాదం చేయించుకోవలసిందిగా మనవి.

గంటా దయమ్మ మా సంఘస్థురాలు, విధవరాలు. దక్షిణ కలకత్తాలో ఒక పరిశోధన సంస్థలో కాంట్రాక్టు మీద ఊడ్చి తుడిచే పని చేస్తోంది. కిందటేడు అక్కడికి విదేశం నుంచి ఒక యంత్రం వచ్చింది. ఎలుకకు ఏదో మందు సూది వేస్తారట. ఆ మందు ఒంట్లో ఎక్కడ చేరితే అక్కడి నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తాయట. ఎలుకకు మత్తిచ్చి, చిన్న పడక మీద పెట్టి యంత్రం గొట్టంలోకి తోస్తే, లోపలి కడియానికున్న సన్నటి రంధ్రాల గుండా ఆ కిరణాలు పోయి బొమ్మ కడతాయట. ఎలుకను కోయనక్కర్లేదు.

"మునుపు బకెట్టుడు సచ్చిన ఎలకల్ని పారబోసీదాన్ని అయ్యగారూ. ఇప్పుడు ఒకే ఎలకని వారం వారం ఫొటో తీత్తన్నారు" అని దయమ్మ ఒకసారి ఆరాధనలో సాక్ష్యం చెబుతూ అంది. సంఘమంతా నవ్వింది. నేను స్తోత్రం అన్నాను.

2008 సెప్టెంబరు 17, బుధవారం, విశ్వకర్మ పూజ. ఆ రోజు ఈ ఊళ్లో రిక్షాకు కూడా దండ పడుతుంది. సంస్థలో టెక్నీషియనూ యూనియన్ మనిషీ అయిన తపన్ అన్ని యంత్రాలకూ సిందూరం పెట్టాడు. ఈ యంత్రానికి గొట్టం పైన, నుదుటి మీద పెట్టినట్టు పెట్టాడు.

21వ తేదీ ఆదివారం ఆరాధన అయ్యాక దయమ్మ నన్ను అడిగింది. యంత్రం పైభాగం తుడవడం ఆమె పని. ఆ బొట్టు తుడవాలా, ఉంచాలా? ఆ రోజు నేను గిన్నె బయట తోమి లోపల మురికి వదిలేసేవారి గురించి చెప్పి ఉన్నాను. నా నోరు ఇంకా వేడిగానే ఉంది. తుడిచెయ్యమన్నాను. రోగులకు రాసే ప్రార్థన నూనె సీసా, కొబ్బరినూనెది, చేతికిచ్చాను. మోషే గుడారంలో ప్రతి పాత్రకూ నూనె రాశాడని చెప్పాను.

"పైపైన కాదు తల్లీ. లోపల కూడా రాయి."

"లోపల సెయ్యి ఎట్టొద్దని డాక్టరమ్మ సెప్పింది."

"డాక్టరమ్మ పెద్దా, దేవుడు పెద్దా?"

దయమ్మ సీసా కొంగున కట్టుకుంది.

సోమవారం పొద్దున గుడ్డతో బొట్టు తుడిచింది. అదే గుడ్డ నూనెలో ముంచి లోపలి కడియమంతా రాసింది. ఆ రోజు నుంచి తీసిన ప్రతి బొమ్మలో ఎలుకకు ఒంటి నడుమ చీకటే. బుధవారం యంత్రం విప్పి చూశారు.

సంస్థ గేటు దగ్గర, ఆ ఎలుకల ప్రయోగం చేసే డాక్టరమ్మ నాతో చెప్పింది ఇదీ. ఆ సిందూరంలో సీసం ఉంది. సీసం కిరణాన్ని దాటనివ్వదు. బొట్టు బయట ఉన్నన్నాళ్లూ ఏమీ కాలేదు. వట్టి నూనె అయినా ఇంత నష్టం ఉండేది కాదు. నూనెతో కలిసి ఆ పొడి రంధ్రాల్లోకి పోయి కూర్చుంది. ప్రయోగం మధ్యలో ఉన్న ఎలుకల్ని ఇక పాత పద్ధతిలో కోసి చూడాల్సిందేనట. దయమ్మ తన ఉద్యోగం గురించి అడగలేదు, ఎలుకల గురించే అడిగిందని డాక్టరమ్మే చెప్పింది.

దయమ్మ కావాలని యంత్రం పాడుచేసిందని సంస్థ ఫిర్యాదు ఇచ్చింది. పనిలోంచి ఆపేశారు. నేను సంస్థ ఆఫీసుకు వెళితే, ముందుగా అడిగి రమ్మని దర్వాన్ ఆపేశాడు. యూనియన్ ఆఫీసుకు వెళ్లాను. "కాకా, మా పూజ తుడిపించి ఇప్పుడు మా జెండా కిందికే వచ్చారా?" అన్నాడు తపన్. ఆ సిందూరం పెట్టింది తానేనన్న మాట మాత్రం ఎత్తలేదు. ఠాణాకు వస్తే, మేజోబాబు మిఛిల్ డ్యూటీకి, ఊరేగింపు బందోబస్తుకు, వెళ్లారు, రేపు రమ్మన్నారు. రేపు వస్తే ఎల్లుండి. నేరం నాది అని చెప్పుకోవడానికి ఇన్నిసార్లు తిరగాలా?

ఈ రోజు వచ్చేసరికి దయమ్మ వాంగ్మూలం అయిపోయింది. ఎవరూ చెప్పలేదు, నూనె నా అంతట నేనే రాశాను అని ఇచ్చిందట. బెంచీ మీద కూర్చుని ఉంది.

"మీ పేరు సెప్పనేదు అయ్యగారూ. సెప్తే సంగం సెదిరిపోద్ది."

"అబద్ధం చెప్పావు తల్లీ."

"ఏటి సెయ్యమంటారు? ఇన్నాళ్లూ మీరు సెప్పినట్టే కదా సేసాను."

నేను లోపలికి వెళ్లి మేజోబాబు గారికి జరిగింది చెప్పాను.

బొట్టు తుడవమనడం తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. కాని లోపల రాయమన్నది నా నోరు. ఆ గొట్టం లోపల ఏముందో నాకు తెలియదు. తెలియకుండానే దేవుడి పేరు పెట్టి ఆజ్ఞాపించాను. ఆమె తన సొంతానికి ఏదీ చేయలేదు. ఫిర్యాదులో ఆమె పేరు తీసి నా పేరు రాయండి. యేసుకు శిక్ష వేసిన పిలాతు నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్నాడు. నాది నూనె చెయ్యి, నీళ్లకు పోదు.

ఇది నేనే రాసి, పైకి చదివి వినిపించి ఇస్తున్న మాట. దీనిలో అబద్ధం లేదు. నాకు సంతకం వచ్చు. అయినా వేలిముద్ర కూడా వేస్తున్నాను. సీసా ఇచ్చింది ఈ చెయ్యే.

(సంతకం) బోనెల ప్రేమానందం
కుడిచేతి బొటనవేలి ముద్ర
కలకత్తా, 27-9-2008