పక్కవాడి చేతికందే ఎర్ర బటన్

ఏంటి లోర్నా, రంధ్రం కొట్టే పంచ్ కావాలా? ఉంది, ఉంది. ఎక్కడికి పోతుంది, ఆ కాఫీ డబ్బాలోనే ఉంటుంది, దాని కాపురమే అక్కడ. ముందు కూర్చో. బూట్లు విప్పక్కర్లేదులే, ఇది గరాజు, మా ఆవిడ రాజ్యం ఆ తలుపవతల మొదలవుతుంది. దేనికన్నావ్, మీ చీజు ఫ్యాక్టరీలో కోతమిషనుకి కొత్త బటన్లు పెట్టడానికా? ఏవీ, చూపించు. ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇంతింతేనా? ఇవి వీధి తలుపు గంటకి పెట్టుకునేవి తల్లీ. నీ వేలికి బాగానే ఉన్నాయి, కాదన్ను, కానీ నొక్కేది నువ్వు కాదుగా. అక్కడివాళ్ళు గ్లౌజులేసుకుని మోచేతుల దాకా తడిసి ఉంటారు, బటనన్నది అరచేత్తో మొత్తినా పలకాలి. రోజూ గొట్టం పెట్టి మిషనంతా కడుగుతారా లేదా? కడుగుతారుగా. మరి దీని మెడకి రబ్బరు రింగేదీ? ఓ, సంచిలో ఉండిపోయిందా. సంచిలో ఉంటే సంచి తడవదు. రింగు రేకుకి బయటివైపు వెయ్యాలి, బిగించే నట్టు లోపలివైపు. కుప్కా ఉండుంటే ఈపాటికి నీ చెవి మెలిపెట్టేవాడు. కుప్కా తెలీదూ? నీకెలా తెలుస్తుందిలే, ఆయన పోయేటప్పటికి మీ అమ్మ బడిలో ఉంది. ఇదిగో పట్టుకో, ఈ పంచ్ ఆయనదే. చూశావా, గుండ్రంగా ఉందా, పైన చిన్న గాటు కూడా కొడుతుంది. ఆ గాటులో బటన్ మెడకున్న చెవి కూర్చుంటే ఎంతమంది ఎన్నేళ్ళు మొత్తినా అది తిరిగిపోదు. లేకపోతే ఆర్నెల్లకి బటన్ గిరగిరా తిరిగి వెనకాల తీగలు తెంపుకుంటుంది. గాటు లేని రంధ్రం గొళ్ళెం లేని తలుపు అనేవాడు.

ఆల్ఫాన్స్ కుప్కా. మా గిన్నెల ఫ్యాక్టరీలో కరెంటు పని ఆయనది. అల్యూమినియం గిన్నెలు, మూతలు, కేకు పళ్ళాలు చేసేవాళ్ళం, మన కెవానీ ఊళ్ళో సగం వంటిళ్ళలో మా గిన్నెలే. పన్నెండు ప్రెస్సులుండేవి, నూనె బలంతో దిగేవి. గుండ్రటి రేకు బిళ్ళ అచ్చులో పెడతావా, రెండు చేతులా రెండు బటన్లు నొక్కి పట్టుకుంటావా, పైనుంచి ముద్ర, అదే ఇనప దిమ్మ, దిగుతుంది, బిళ్ళ కాస్తా గిన్నె అయి కూర్చుంటుంది. రెండు బటన్లెందుకూ అంటే, రెండు చేతులూ అక్కడుంటే అచ్చులో ఉండవు కాబట్టి. ఆ రెంటి మధ్యా ఇంత దూరం పెట్టాడు, భుజాలంత. ఎందుకింత దూరం అంటే, "ఒక బటన్ మోచేత్తో, ఒకటి అరచేత్తో నొక్కే వెధవలు మన ఊళ్ళో పుట్టారు, నాకు తెలుసు" అన్నాడు. నిజంగానే మాతో పనిచేసే ఫ్రాంక్ ముందురోజే ప్రయత్నించాడు. కుప్కా మనిషెలా ఉంటాడంటే, పొడుగ్గా, ఎండిపోయిన మొక్కజొన్న కాడలాగా. చెక్ యాస, మాటమాటకీ ముక్కు ఎగబీల్చడం. మొదలుపెట్టే బటన్ పచ్చది, చుట్టూ కట్టు కట్టి లోపలికి దించేవాడు, ఎవరి తొడో తగిలి మిషను లేవకుండా. ఆపే బటన్ ఎర్రది, పుట్టగొడుగులా బయటికి పొడుచుకొచ్చి. "మొదలెట్టడం కష్టంగా ఉండాలి, ఆపడం తేలిగ్గా ఉండాలి. మీ పెళ్ళిళ్ళకి ఎలాగూ లేదు, మిషనుకైనా ఉండనీ" అనేవాడు. మా ఆవిడ వినట్లేదుగా? సరే.

ఒకసారి పెద్ద మేనేజరొచ్చి "ఈ ఎర్రదాని తీగ తెగితే ఏం గతి కుప్కా?" అన్నాడు. కుప్కా జేబులోంచి కటింగ్ ప్లేయరు తీసి, నడుస్తున్న ప్రెస్సు ఎర్ర తీగని అక్కడికక్కడే టకీమని కోసేశాడు. ప్రెస్సు ఆగిపోయింది. "తెగితే ఆగుతుంది. ఆగకపోతే అది ఆపే బటన్ కాదు, అలంకారం" అన్నాడు. మేనేజరు ముఖం కేకు పళ్ళెంలా అయిపోయింది.

ఇంతకీ ఎందుకు మొదలెట్టాను ఇదంతా... ఆఁ, ఎర్ర బటన్. అసలు సంగతి అక్కడుంది. ఆయన ఆ ఎర్ర బటన్ని నా ప్రెస్సుకి నా ముందు పెట్టలేదు. నాది నాలుగో నంబరు. దాని ఎర్ర బటన్ ఐదో నంబరువాడి చేతికందేలా, నడుమ స్తంభం మీద పెట్టాడు. ఐదోదానిది ఆరోవాడి పక్కన. అలా వరసంతా. ఎంత నవ్వామో! "కుప్కా, నా గొళ్ళెం పక్కింటివాడి తలుపుకి పెట్టావేంటయ్యా" అని నేనే అన్నాను. ఆయన ముక్కు ఎగబీల్చి వెళ్ళిపోయాడు. వివరం చెప్పే అలవాటు లేదాయనకి.

ఇక నవంబరొచ్చింది. జింకల వేట శనివారం తెల్లారితే మొదలు. నీకు చెప్పక్కర్లేదు, ఆ వారం ఈ జిల్లాలో చావులు కూడా వాయిదా వేసుకుంటారు. మాకు ఓ ఒప్పందం ఉండేది: వారం కోటా శుక్రవారం మధ్యాహ్నానికి పూర్తిచేస్తే ఇంటికి. లేకపోతే చీకటిపడేదాకా నిలబడాలి. అందుకని ఆ వారం అందరి జేబుల్లోకీ చీలలొచ్చేవి. కొయ్య చీల. కుడి బటన్ నొక్కి, కట్టుకీ దానికీ మధ్య చీల దిగ్గొడితే అది నొక్కినట్టే ఉండిపోతుంది. ఇక ఎడమ చెయ్యి ఒక్కటే నొక్కితే చాలు, కుడిచెయ్యి తర్వాతి బిళ్ళ అందుకుంటూ ఉంటుంది. "మూడో చెయ్యి" అనేవాళ్ళం దాన్ని. నాది వాల్‌నట్ కర్రతో చెక్కుకున్నాను, చివర జింక తలకాయ కూడా. ఇరవై రెండేళ్ళ కుర్రకుంకని, పనితనమంతా చెడ్డపనికే.

సోమవారం పొద్దున్న చీలలు దిగ్గొట్టాం. పన్నెండు ప్రెస్సుల్లో ఒక్కటీ కదల్లేదు. కుప్కా ఆదివారమంతా కూర్చుని తీగలు మార్చేశాడు. రెండు చేతులూ పూర్తిగా వదలాలి, మళ్ళీ రెండూ ఒక్కసారే నొక్కాలి, ప్రతి గిన్నెకీ. ఒకటి ముందే నొక్కి ఉంటే చచ్చినా కదలదు. ఫ్రాంక్ అయితే తిట్టిన తిట్లు చర్చిలో ఫాదరు దగ్గర ఒప్పుకోవడానికే రెండు వారాలు పట్టింది. మా ఫోర్‌మన్ డెజిరే, బెల్జియం వాళ్ళ పిల్లాడు, మంచివాడే గానీ వాడికీ జింకల పిచ్చి. "తీసెయ్యవయ్యా ఈ ఒక్కవారం" అని బతిమాలాడు. "జింకలకి నాలుగు కాళ్ళుంటాయి, మీకు రెండు చేతులే" అన్నాడు కుప్కా. చివరికి నేనే నోరు జారాను. పందెం కాశాను. నా ప్రెస్సుకి పాత తీగలు కలపాలి, పక్క ఐదోదాని మీద కుప్కా రెండు చేతులా చెయ్యాలి, పొద్దున్నుంచి భోజనాల దాకా. నేను గెలిస్తే పన్నెండు ప్రెస్సులకీ తీగలు విప్పేయాలి. ఆయన గెలిస్తే చీలలన్నీ ఆయనకి. "సరే" అన్నాడు. అంతే, ఒక్క ముక్క.

బుధవారం. చీల దిగ్గొట్టాను, జింక తల నావైపు చూస్తోంది. అబ్బ, ఎంత వేగం! డెజిరే అరగంటకోసారి వచ్చి సుద్దముక్కతో లెక్క రాసి పోతున్నాడు, నేను ముందు, నేనే ముందు. మిగతావాళ్ళు ఎవరి ప్రెస్సు దగ్గర వాళ్ళు, ఆ మోతలో పక్కవాడు పిలిచినా వినపడదు. పదకొండు దాటాక ఒక బిళ్ళ వంకరగా కూర్చుంది. ఎడమచెయ్యి బటన్ మీదుంది, ముద్ర దిగుతోంది. కుడిచెయ్యి ఖాళీ కదా. ఖాళీ చెయ్యి ఊరుకుంటుందా? సర్దడానికి లోపలికి పోయింది. నేను పంపలేదు లోర్నా, అదే పోయింది. ఎడమచెయ్యి ఎత్తెయ్యాలి, అంతేగా? ఎత్తలేదు. భయపడ్డ చెయ్యి వదలదు, ఇంకా గట్టిగా అదుముతుంది, అది నాకా రోజే తెలిసింది. ముద్ర నా గ్లౌజు వేళ్ళ మీదికొచ్చేసింది.

ఆగింది.

కుప్కా అరచెయ్యి స్తంభం మీది ఎర్ర పుట్టగొడుగు మీదుంది. ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు కాబట్టి ఆయన ప్రెస్సు దానంతటదే నిలిచిపోయింది. నా మధ్యవేలు గ్లౌజులో వెనక్కి ముడుచుకుంది, గ్లౌజు కొస మాత్రం ఇరుక్కుంది. ముద్ర పైకెత్తి గ్లౌజు తీసి చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి. ఆయన ఒక్క మాటన్నా తిట్టలేదు. ఎర్ర బటన్ మెలితిప్పి వదిలి, తన ప్రెస్సు దగ్గరికెళ్ళి మళ్ళీ రెండు చేతులా మొదలెట్టాడు. ఎవరూ చూడలేదు. నేను కూడా, సిగ్గులేని వెధవని, మళ్ళీ మొదలెట్టాను.

నలభై ఒక్క గిన్నెల తేడాతో గెలిచాను. మావాళ్ళు నన్ను భుజాల మీదికెత్తారు. "జింకలు, జింకలు" అని ఒకటే గోల. కుప్కా స్క్రూడ్రైవరు తీసుకుని ఒకటో ప్రెస్సు దగ్గరికెళ్ళాడు, తీగలు విప్పడానికి. మాట అంటే మాటే. పెట్టె మూతకి నాలుగు స్క్రూలు. మొదటిది విప్పాడు. రెండోది విప్పాడు. నేను ఫ్రాంక్ భుజం మీద కూర్చుని చూస్తున్నాను. నోరు మూసుకుంటే వేట నాది, వీళ్ళందరిదీ. ఆయనైతే ఎలాగూ చెప్పడు. మూడోది విప్పాడు. నాలుగోదాని మీద స్క్రూడ్రైవరు పెట్టాడు. దింపరా నన్ను అని ఫ్రాంక్ నెత్తిమీద ఒకటిచ్చాను. వెళ్ళి గ్లౌజు డెజిరే ముందు బల్లమీద పడేశాను. మధ్యవేలు కొస కాగితంలా ఉంది. డెజిరే దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఎవరిదిది?" "నాది." "మరి వేలేది?" చెయ్యెత్తి చూపించాను. "ఇదిగో. కుప్కా తిరిగిచ్చాడు."

ఆ గ్లౌజు ఒక చేతినుంచి ఇంకో చేతికి వరసంతా తిరిగింది. తర్వాత ఫ్రాంక్ వెళ్ళి తన చీల కుప్కా భోజనం డబ్బాలో పడేశాడు. దాని వెనకాల ఒకటి, దాని వెనకాల ఒకటి. చివర నా జింక తల. కుప్కా మూత మూసి, ముక్కు ఎగబీల్చి, మూడు స్క్రూలూ మళ్ళీ బిగించాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కోటా అయింది, అడవికి చేరేటప్పటికి చలికి ముక్కులూడాయి. నాకా ఏడాది జింక పడలేదు. పది వేళ్ళతోనూ గురి తప్పాను, అది వేరే సంగతి. ఆ చీలలా? ఆ మరుసటి వేసవి చర్చి విందులో కోడిపులుసు కాచాం చూడు, పెద్ద గంగాళంలో, ఆ పొయ్యి రాజేసింది వాటితోనే. నా జింక తలని మాత్రం చివరిదాకా చేత్తో పట్టుకుని, నాకు చూపించి మరీ వేశాడు. పులుసు బ్రహ్మాండంగా ఉంది.

సరే, నీ సంగతి చెప్పు. ఎర్రదాన్ని ఎక్కడ పెడుతున్నావ్? కోసేవాడి ఎదురుగానా? ఊఁ. వాడి చెయ్యి లోపల ఉన్నప్పుడు వాడికి వేరే చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎదురుగా ఒకటి ఉండనీ, వద్దన్ను. పక్కన నిలబడేది ఎవరు? అదే, పెట్టెల్లో సర్దే మనిషి. పేరేంటి? ఆడమనిషా, మగమనిషా? పొట్టా, పొడుగా? ఏ చేతివాటం?... తెలీదా.

ఇటివ్వు ఆ పంచ్. ఇవ్వమ్మా. సోమవారం వెళ్ళి పేరు కనుక్కుని, చెయ్యి చాపమని చెప్పి, ఎంత దూరం అందుతుందో కొలుచుకుని రా. అప్పుడిస్తాను. అలా చూడకు, నేను మారను, మా ఆవిణ్ణడుగు. ఆ గసగసాల కొలాచీ బన్ను తీసుకో, ఆఖరిది.