పెద్దొంక డ్యాం సైరన్ కూయని కత

తిప్పేసోమి అని ఒకాయన ఉండెనంట, పెద్దొంక డ్యాం ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేటోడు. అమ్మానాయన లేరు, మేనత్త లింగమ్మే సాకి చదివిచ్చింది. డ్యాంలో నీళ్లు ఏ మట్టానికొస్తే సైరన్ కూయల్ల, అదంతా డేటాబేసని ఒకటుంటాది, దాంట్లో పెట్టింటారు. గాదె అనుకో, గింజల బదులు లెక్కలుంటాయి. ఆ మట్టం ఎవురుబడితే వాళ్లు మార్చేదానికి ల్యా. మార్చబోతే, నీకు పర్మిషన్ ఉందా అని చూస్తాది, లేకుంటే కుదర్దంటాది. ఆ పర్మిషన్ తిప్పేసోమి ఒక్కనికే. కింద వంకలో బట్టలుతికేటోళ్లు, గొర్లు మేపేటోళ్లు ఆ సైరన్ను నమ్ముకోనే కదా దిగేది.

ఏమైందంటే, తిప్పేసోమి కూతురికి చెవులు కుట్టిస్తాంటే ఇంజనీరు సారు ఫోన్ చేసినాడంట. ఏమప్పా, గాలికి అల లేస్తే చాలు ఇది కూస్తాది, మట్టం పైకి పెడదామంటే నన్నే పర్మిషన్ అడుగుతాది, నేను ఇంజనీరునా కాదా అన్నాడంట. రేపొచ్చి నేనే చూస్తా సార్ అంటే వినల్యా. "నాకు తెల్దా ఏం మార్చల్లనో? ఆ అడ్డం తీసెయ్." ఆఫీసోళ్లంతా, కాపలా వాళ్లతో సహా, ఒకే పేరుతో దాంట్లోకి పోతారు, ఆ పేరుకే పర్మిషన్ ఇచ్చేసినాడు తిప్పేసోమి. పక్కన బిడ్డ ఏడుస్తాంది, సుట్టాలు కాసుకోనుండారు. సారు పని అయిపోతానే తీసేస్తాలే అనుకున్యాడు. తీయల్యా, మర్సిపోయినాడు.

వానలొచ్చినాయి. డ్యాంకాడ కాపలా ఎర్రిసోమి. పెండ్లాం బాలింత, ఇల్లు సైరన్ కిందనే. కూసినప్పుడల్లా పసిగుడ్డు ఉలిక్కిపడి గుక్కపడతాంది. ఏదో ఒకటి చెయ్యయ్యా అని ఆయమ్మ ఏడ్సింది. ఎర్రిసోమి పోయి కంప్యూటర్లో మట్టం పైకి పెట్టి చూసినాడంట. వద్దంటాదేమో అనుకున్యాడు. అనల్యా. అనల్యా కాబట్టి తప్పు కాదేమోలే అనుకున్యాడు, పాపం.

మర్సనాడు మద్యానం ఈడ ఎండ కాస్తాంది, పైన యాడో కుండపోత. నీళ్లొచ్చి, సైరన్ కూయకముందే డ్యాం నిండి, మరవ మీద పొర్లి వంకలోకి దుంకినాయి. వంకలో లింగమ్మ బట్టలు పిండుతాండె. గొర్లు కాసే మారెప్ప గట్టెక్కి, వంకొస్తాంది పరిగెత్తు అత్తా అని అరిచినాడంట. సైరన్ కూయల్యా కదప్పా, ఏంటికి బయపడతావు అనిందంట. అదే ఆఖరు మాట. ఆయమ్మను కంపచెట్లలో నుంచి తిప్పేసోమే తీసినాడు. ఒక చేతిలో తడిగుడ్డ అట్లే ఉండెనంట.

ఎర్రిసోమిని పోలీసులు పట్టుకోని పోయినారు. మార్చింది వాడే కదా, నువ్వు నోరు మూసుకో, నీకూ బిడ్డుంది అని సారు తిప్పేసోమిని బెదిరించినాడంట. తిప్పేసోమి కూడు ముట్టల్యా. విచారణకొచ్చినోళ్ల ముందర లేసి, "వాడు మార్చింది నిజమే సార్. మార్చనిచ్చింది నేను. తీసెయ్‌మనింది ఈ సారు" అన్నాడు. ఫోన్లో చెప్పినదానికి సాక్ష్యం ఏముంది అన్నారంట.

తిప్పేసోమికి ఉద్యోగం పాయ, కేసు మీదబడె. ఎర్రిసోమిని ఇడిసిపెట్టినారులే, కానీ ఊర్లో ఎవురూ వాన్ని పనికి పిల్చరు. ఆ సారు ఇంగా పెద్ద కుర్చీకి పోయినాడంట. ఆయప్పను మాత్రం ఎవురూ ఏమీ అడగల్యా. అడిగేదానికి పర్మిషన్ ఎవురికుందప్పా?