కాటా దిగని అమ్మ

దీవికి పోయే బుల్లి విమానం అది. ఎక్కేవాళ్ళని మూటాముల్లెతో సహా తూచే కౌంటర్ దగ్గర, కాటా ఎక్కిన ఒక తల్లి దిగనంటోంది.

“దిగండమ్మా, దిగండి. మీకు సీటు లేదని చెప్పానా?”

“ఒకటి ఖాళీ ఉందని నువ్వే నోరుజారావుగా!”

“అది వేరేవాళ్ళది. దారిలో ఉన్నారట, వస్తున్నారు.”

“పొద్దుట్నుంచీ వస్తూనే ఉన్నారు! బాబూ, రాత్రి నుంచి నా కూతురికి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందట. అల్లుడు ఫోన్లో ఏడుస్తున్నాడు. నీకూ అమ్మ ఉంటుంది…”

“మా అమ్మ ఊసెత్తకండి. నా ఉద్యోగం ఊడుతుంది.”

“వాళ్ళతో పాటే నన్నూ ఎక్కించు, ఓ మూల కూర్చుంటా. ఈ సంచి వదిలేస్తా. ఇవిగో చెప్పులు. శాలువా…”

“చెప్పులు తీస్తే తీరేది కాదమ్మా! ఒక్కరికే బరువు మిగిలింది. ఇంకొకరు ఎక్కితే విమానం లేవదు.”

“ఏ షికారుకో పోయేవాళ్ళయి ఉంటారు. రేపు పోతారులే.”

“రేపు లేదు. తుఫానొస్తోంది, ఇదే ఆఖరుది.”

“నేనూ అదేగా మొత్తుకునేది!”

“ఉండండి, పైలట్… హలో? ఇంకా రాలేదు సార్. గాలి పెరిగిందా? సరే సార్… సరే… అమ్మా, కదలకుండా నిలబడండి, బరువు చూస్తా. తిట్లేవో నేను తింటాలే.”

“చల్లగా ఉండు నాయనా!”

“సంచి?”

“పోనీ. బిడ్డకి కుట్టిన గుడ్డలు. నా పిల్ల బతికితే మళ్ళీ కుడతా.”

“ఆగండి! ఆ సీటు… నాదే, వచ్చేశాను!”

“ఇచ్చేశాం మేడమ్. ఎంతసేపని చూస్తాం?”

“రోడ్డుకి అడ్డంగా చెట్టు పడింది, అక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చాను. దయచేసి ఆవిణ్ణి దించండి.”

“నన్నా? నా శవాన్ని దించు! నీ పనేదో తర్వాత చూసుకో.”

“తర్వాత చూసుకునే పని కాదండీ. నేను డాక్టర్ని. ఈ పెట్టె నిండా ఆపరేషన్ సామానే. దీవిలో ఒకమ్మాయికి బిడ్డ అడ్డం తిరిగింది…”

“ఏమన్నావ్?”

“రాత్రి నుంచి నొప్పులు. అక్కడ నర్సు ఒక్కతే, ఆమె వల్ల కాదు. ఇప్పుడే కోసి తియ్యకపోతే ఇద్దరూ దక్కరు.”

“అమ్మా… మీ అమ్మాయే కదూ?”

“నా పిల్లే… నా పిల్లే!”

“ఇద్దర్నీ ఎక్కించలేనమ్మా.”

“ఇంకా ఏం చూస్తావురా, చెయ్యి పట్టుకుని దించు నన్ను! నా కాళ్ళు కదలట్లేదు!”