ఒకే మందు, రెండు పేర్లు

1988 జూలై పదకొండవ తేదీ, సోమవారం నాడు జూనియర్ ఫార్మసిస్టుగా మా ఆసుపత్రిలో అడుగుపెట్టిన మా ప్రధాన ఫార్మసిస్టు గారు, ముప్పై ఆరేళ్ల నిర్విరామ సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన మొదటి వారంలోనే వారొక నియమం పెట్టారు. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకొచ్చి కౌంటరు మీద బోర్లించనిదే ఎవరికీ కొత్త మందు ఇచ్చేవారు కారు. అందుకే రోగులందరికీ వారు ‘సంచి మేడమ్’ అయ్యారు.

ఆ రాశిలో గడువు తీరిన మాత్రో, పక్కింటివారిచ్చిన గోలీయో కనబడితే వారు అగ్గిమీద గుగ్గిలమయ్యేవారు. ఆ కంఠం రెండో అంతస్తులోని ఎక్స్‌రే గదికి సైతం వినబడేదని ప్రతీతి. ఆ కోపం వల్ల ఎందరి ప్రాణాలు నిలిచాయో లెక్కలేదు గనుక మేమెవ్వరమూ దాన్ని తప్పుపట్టలేదు. వారూ తమను తాము తప్పుపట్టుకోలేదు.

ఐదేళ్ల క్రితం, రోగులు తమ మందుల పట్టికను ఫోనులో భద్రపరచుకుని వైద్యులకూ కుటుంబ సభ్యులకూ పంపుకునే యాప్ మా ఆసుపత్రికి వచ్చింది. మేడమ్ ససేమిరా అన్నారు. “మాత్రని చేత్తో పట్టుకుని చూడాలి గానీ ఫోనులో ఏం కనిపిస్తుంది?” అన్నారు. సూపరింటెండెంటు గారు చెవినిల్లు కట్టుకుని పోరగా, ప్రయోగార్థం తమ భర్త ఫోనులో పెట్టడానికి ఒప్పుకున్నారు.

విశ్రాంత డ్రాయింగు మాస్టారైన ఆయన మితభాషి. యాప్ అడిగిందే తడవు, ఇంట్లో ఉన్న తన మాత్రల షీట్లన్నీ శ్రద్ధగా ఫొటోలు తీసి, చివర కనబడిన మీట నొక్కారు. ఆ మీట నొక్కితే పట్టిక నేరుగా భార్య ఫోనుకు వెళుతుందని పాపం ఆయన ఎరగరు.

కౌంటరు ముందు పదకొండు మంది వరుసలో ఉండగా మేడమ్ ఫోనులో ఎర్ర అక్షరాలు వెలిగాయి. రక్తం పలచబరిచే మందు ఒక్కటే, రెండు కంపెనీల పేర్లతో, ఇద్దరు వైద్యులు రాసినది, ఐదు నెలలుగా. మొదటి వైద్యుణ్ణి వారెరుగుదురు. రెండవ పేరు ఎన్నడూ వినలేదు. భర్త చేతుల మీది కమిలిన మచ్చలు తలుపు తగిలి వచ్చాయంటే నమ్మిన మనిషి వారు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి కౌంటరు వదిలేసి ఇంటికి పరుగెత్తారు.

ఆ మధ్యాహ్నం, ఆయన్ని తెచ్చి చేర్చిన మా ఆసుపత్రి వార్డులోనే వారు అడిగారు: “ఆ డాక్టరు దగ్గరికి ఎందుకెళ్లారు? నాకెందుకు చెప్పలేదు?”

“గుండె దడగా ఉంటోందని వెళ్లాను. చెబితే అరుస్తావని...”

“నేనా?”

“కౌంటరు దగ్గర వాళ్ల మీద అరుస్తావు చూడు, అలాగ. పాత మందు సంగతి ఆయనకీ చెప్పలేదు. నీకు ఫోన్ చేసేస్తాడేమోనని.”

ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదముండేదని వైద్యులన్నారు. మేడమ్ వరండా బెంచీ మీద కూర్చుండిపోయారు. మాతో ఇలా అన్నారు: “మొగుడే దాచాడంటే, ఇన్నేళ్లూ నా ముందు సంచి బోర్లించినవాళ్లు నాకు భయపడి ఎన్ని మాత్రలు ఇంట్లో వదిలేసి వచ్చుంటారు?”

ఆ నెల సమావేశంలో వారు ఈ ఉదంతాన్ని పొరపాట్ల రిజిస్టరులో స్వహస్తాలతో, తమ పేరు మీదనే నమోదు చేసి, పైకి చదివారు. అటుపై కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కొక్క రోగికీ యాప్ నేర్పడం మొదలుపెట్టారు. “ఏం వేసుకుంటున్నా పెట్టేయండి. నేనేమీ అనను” అనేవారు. మొదటి నెలలోనే నలభై మూడు పట్టికల్లో మేమెన్నడూ చూడని మందులు బయటపడ్డాయి. ఆ రోగుల్లో ఆరుగురు మేడమ్‌కు ఇరవై ఏళ్లుగా తెలిసినవారు.

మా ఆసుపత్రి పత్రిక ఈ సంచిక కోసం నాలుగు మాటలు చెప్పమని మాస్టారిని అడిగాం. “మొన్న పొద్దున ఛాతీ పట్టేసినట్టయింది. ఆవిడ స్నానానికి వెళ్లింది. తలుపు కొట్టి మరీ చెప్పేశాను” అన్నారు.

ఆ దంపతులు ఆయురారోగ్యాలతో, ఒకరితో ఒకరు ఏది చెప్పుకోవడానికీ జంకనవసరం లేని నిండు నూరేళ్లు జీవించాలని, ఇన్నాళ్లూ వారికి భయపడిన మేమందరం మనసారా కోరుకుంటున్నాం.