కాఫీ ఒలకబొయ్యని దయ్యం

గచ్చిబౌలిలో మ్యాట్నీ వదిలారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి సినిమా గ్రాఫిక్స్‌లో చేరిన కూతురు, తన మొదటి సినిమాకి నాన్నని పట్టుబట్టి తీసుకొచ్చింది. ఇద్దరూ బయటికొచ్చి క్యాబ్ కోసం నిలబడ్డారు.

“ఎలా ఉంది నాన్నా?”

“దయ్యం సినిమా అన్నావు. ఒక్కసారైనా కనబడి చచ్చిందా ఆ బామ్మ దయ్యం?”

“కనబడకూడదు మరి. వస్తువులు వాటంతటవే కదలాలి. వాటిని కదిలించేది నేనే.”

“భయం కూడా వెయ్యలేదు.”

“పిల్లాపాపలతో చూసే సినిమా నాన్నా!”

“సర్లే. మనవడు చదువుతూ నిద్రపోతే, పళ్ళెం వచ్చి కాఫీ గ్లాసు మీద మూతలా పడిందే, అదెవరి బుర్ర?”

“నాదే. గ్లాసు ఎగిరి పగలాలన్నారు డైరెక్టర్ గారు. బామ్మ దయ్యమైతే మాత్రం కాఫీ ఒలకబోస్తుందా అని దెబ్బలాడాను.”

“పుస్తకంలో గుర్తుకి చీపురుపుల్ల కూడా పెట్టి మూసింది...”

“నానమ్మ నీకలాగే చేసేదని నువ్వే చెప్పావుగా. ఆవిణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు. అందుకే ఇలా చేసి చూసుకున్నా.”

క్యాబ్ వచ్చి ఆగింది. ఆయన కదల్లేదు.

“అంతా సరిగ్గానే ఉంది. ఒక్కటే తగ్గింది.”

“ఏంటది?”

“లైటార్పే ముందు తల నిమిరేది.”

“ఇన్నేళ్ళలో ఆ ముక్క చెప్పలేదేం?”

“చెబితే, నాది దొంగనిద్రని మా అమ్మకి తెలిసిపోదూ!”